రెండువందల పద్నాలుగు పుస్తకాల పాఠకుడు

ఆ ఉదయం పదిన్నరకి హెడ్డాఫీసు నుంచి వచ్చిన జాబితాలో మొట్టమొదటి పేరు ఆమె మామగారిది. పేరు పక్కన అంకె: 214.

లైబ్రరీకి వచ్చేవాళ్ళు ఆమెని కౌంటరమ్మ అంటారు. పద్దెనిమిదేళ్ళుగా అదే కౌంటరు, అదే ఎత్తు స్టూలు, అదే తేదీ ముద్ర. పుస్తకం చివరి అట్ట లోపల అంటించిన గడువు చీటీ మీద ముద్ర వెయ్యడం, వెనక్కొచ్చిన పుస్తకంలో పేజీలు చిరిగాయేమో చూసుకోవడం, కంప్యూటర్లో నంబరు కొట్టడం. ఎదుటి మనిషితో మాట్లాడుతూనే ఆ మూడు పనులూ చూడకుండా చెయ్యగలదు. జాబితా చూశాక మాత్రం ముద్ర పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఎదురుగా నిలబడ్డ పెద్దమనిషి "అమ్మా, ముద్ర" అని రెండుసార్లు గుర్తు చెయ్యాల్సివచ్చింది.

పుస్తక వారం దగ్గర పడుతోంది. ప్రతి ఏడూ ఆ వారం రోజులూ లైబ్రరీలో అద్దె కుర్చీలు వేసి, మైకు పెట్టి, పిల్లలకి చదువు పోటీలు, పాత పుస్తకాల మార్పిడి, చివరి రోజున సభ జరుపుతారు. ఈసారి హెడ్డాఫీసువాళ్ళకి కొత్త ఆలోచన వచ్చింది. ఒక్కో శాఖలో ఏడాది మొత్తంలో ఎక్కువ పుస్తకాలు తీసుకెళ్ళిన పాఠకుణ్ణి వేదిక ఎక్కించి సన్మానించాలి. ఆ పాఠకుడు తనకి నచ్చిన పుస్తకం గురించి పది నిమిషాలు మాట్లాడాలి. పేర్లకోసం వాళ్ళు ఎవరినీ అడగలేదు. కంప్యూటర్లో ఒక మీట నొక్కితే వచ్చేశాయి.

మామగారు ముప్పై నాలుగేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. పేపరు చదువుతాడు, అది కూడా రెండే: చనిపోయినవాళ్ళ ఫొటోలు, వాన కబురు. పుస్తకం అనేదాన్ని ఆయన చేత్తో ముట్టగా ఇంట్లో ఎవరూ చూడలేదు.

చదివింది కౌంటరమ్మ.

ఆమెకి పుస్తకాల పిచ్చి. ఆ పిచ్చితోనే ఈ ఉద్యోగంలో చేరింది. చేరిన వారానికి తెలిసింది, సిబ్బంది తాము పనిచేసే శాఖలో సభ్యులు కాకూడదని. ఆ నిబంధన పుణ్యం ఆమె కన్నా ముందు అదే స్టూలు మీద కూర్చున్న గుమాస్తాది. ఆయన ఇంటికి సున్నం వేయిస్తుంటే అటక మీద నుంచి అరవై రెండు కొత్త పుస్తకాలు దిగాయట, ఒక్కదాని మీదా ముద్ర లేదట. ఇంకో శాఖలో చేరొచ్చు. అది రెండు బస్సుల దూరం. ఆమె డ్యూటీ దిగే వేళకి దానికీ తాళం పడుతుంది.

ఎనిమిదేళ్ళ కిందట అప్పటి లైబ్రేరియన్, సిబ్బంది ఒక్కొక్కరూ పదిమంది కొత్త సభ్యుల్ని చేర్పించాలన్నాడు. ఆమెకి తొమ్మిదిమంది దొరికారు. పదో ఫారం తెచ్చి మామగారి ముందు పెట్టింది. ఆయనకి అవి కొత్తగా రిటైరైన రోజులు, రోజుకో కాగితం మీద సంతకం పెడుతున్నాడు. ఇదేమిటని కూడా అడక్కుండా గీకేశాడు. కార్డు వచ్చింది. దాన్ని మామగారికి ఇవ్వడం మరిచిపోయింది. మరిచిపోయిన మూడో రోజున దాని మీద ఒక నవల తీసుకుంది. ఆ తర్వాత మరిచిపోవడం దానంతటదే అలవాటైంది.

చదివేది వంటింట్లో. పిండి డబ్బాకి పుస్తకం ఆనించి, పేజీ తిరగబడకుండా గరిట అడ్డం పెట్టి, తరుగుతూ ఒక పేరా, కలుపుతూ ఒక పేరా. హాల్లో మామగారి టీవీ. పడకగదిలో మొగుడు, మీటర్లు బాగుచేసే పని ఆయనది, పొద్దున్నే లేవాలని తొందరగా పడుకుంటాడు. వంటింట్లో ఉన్న రెండున్నర గంటలూ ఆమెని ఎవరూ పిలవరు, పిలిస్తే ఏదో ఒక పని అంటగడుతుందని. అలా వారానికి నాలుగు పుస్తకాలు. ఇంట్లోగానీ ఆఫీసులోగానీ ఆమె ఇష్టప్రకారం జరిగేది రోజు మొత్తం మీద అదొక్కటే.

లైబ్రేరియన్ తన గదిలోంచి చప్పట్లు కొడుతూ వచ్చాడు. ఆయన ఈ శాఖకి బదిలీ మీద వచ్చి ఏడు నెలలైంది, ఇంతవరకూ ఏ విషయంలోనూ ఈ శాఖ మొదటిది కాలేదు.

"ఏమమ్మా, ఇంత పాఠకుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఒక్కనాడన్నా నోరు విప్పలేదే మీరు! పక్క శాఖలో ఫస్టు వచ్చినాయనకి ఎంతో తెలుసా? నూట పదకొండు. మీ మామగారు అందరినీ తొక్కేశారు!"

"ఆయనకి ఒంట్లో బాగుండదండీ," అంది.

"అయ్యో. ఏమిటి?"

"మోకాళ్ళు."

"మాట్లాడేది నోటితో కదమ్మా. మెత్తటి కుర్చీ వేయిద్దాం."

"సభలంటే మొహమాటం ఆయనకి. రెండో పేరు లెక్కల టీచరుగారిది కదండీ, ఆవిడైతే చక్కగా మాట్లాడతారు."

"తొంభై ఆరు! రెండువందల పద్నాలుగెక్కడ, తొంభై ఆరెక్కడ. పైగా పెద్దాఫీసరుగారు మీ మామగారిని చూడాలనే ఈ శాఖకి వస్తున్నారు. మోకాళ్ళ నొప్పులతో కూడా ఇన్ని పుస్తకాలు చదివారని నేనే చెప్తాను మైకులో. బ్రహ్మాండంగా ఉంటుంది."

ఆ నిమిషం దాకా లేని మోకాళ్ళ నొప్పి కూడా కార్యక్రమంలో చేరిపోయింది. నోరు తెరిచిన కొద్దీ ఉచ్చు బిగుస్తుందని ఆమెకి అర్థమైంది.

రెండేళ్ళ కిందట ఇంకో శాఖలో అటెండరు ఒకతను పక్కింటివాళ్ళ కార్డు మీద పుస్తకాలు తీసుకెళ్తూ దొరికాడు. ఉద్యోగం తియ్యలేదు. ఊరి చివర పాత పేపర్ల గోడౌనుకి పంపారు. ఒకసారి ఏదో ఫైలు పని మీద వెళ్ళినప్పుడు ఆమె ఆ గోడౌను చూసింది. కిటికీలు లేవు. కట్టలు కట్టిన పేపర్లు కప్పు దాకా ఉన్నాయి, పుస్తకం ఒక్కటి లేదు. అటెండరు ఆమెని చూసి మొహం తిప్పుకున్నాడు.

*

సాయంత్రం ఇంటికి వెళ్ళి, చెప్పులు విడవకముందే మామగారి ముందు నిలబడింది.

"మామయ్యా, ఒక మాట."

"వింటున్నా, చెప్పు," అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

చెప్పింది. ఫారం, కార్డు, వంటిల్లు, జాబితా, అన్నీ. సగంలో ఉండగా ఆయన రిమోటు తీసి టీవీ ఆపేశాడు. ఆయన తనంతట తాను టీవీ ఆపడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"అంటే నా పేరు మీద రెండువందల పద్నాలుగు పుస్తకాలు చదివావు."

"ఈ ఒక్క ఏడాదిలో."

"నాకు మాటైనా చెప్పకుండా."

"తప్పే మామయ్యా. ఎన్నిసార్లన్నా ఒప్పుకుంటా. ఇప్పుడు మీరు ఒక్క పని చెయ్యాలి. జ్వరమని పడుకోండి. ఆ ఒక్క రోజు."

"ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క రోజు సిక్ లీవు పెట్టినవాణ్ణి కాదు. ఇప్పుడు, రిటైరైన ఎనిమిదేళ్ళకి పెట్టమంటావా? అదీ నాకు సన్మానం జరిగే రోజునా?"

"ఏం చదివారని అడుగుతారు మామయ్యా. మీరు నీళ్ళు నములుతారు. అక్కడితో నా పని అయిపోతుంది."

ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. డిపోలో కుర్రకండక్టర్లకి పాఠం చెప్పేటప్పుడు ఇలాగే కూర్చునేవాడేమో.

"చూడు కోడలా. టిక్కెట్టు నాది. ప్రయాణం నువ్వు చేశావు. చెకింగువాడు ఎక్కితే దిగాల్సింది ఎవరు?"

"నేనే."

"అందుకని చెకింగువాడు అనుమానపడకుండా చూసుకోవాలి. టిక్కెట్టు ఉన్నవాణ్ణి సీట్లో కూర్చోబెట్టు. ఇంక ఎవడూ ఏమీ అడగడు."

పడకగది గుమ్మంలోంచి మొగుడు తొంగి చూశాడు. "నాన్న స్టేజీ ఎక్కుతాడా? మంచిదేగా," అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో ఆమె తరఫున వాదించేవాళ్ళు అక్కడికి అయిపోయారు.

మర్నాటి నుంచి శిక్షణ. మామగారు తన కుర్చీ లాక్కొచ్చి వంటింటి గుమ్మంలో వేసుకున్నాడు. లోపలికి రావాలన్నా, బయటికి పోవాలన్నా ఆయన కాళ్ళు ముడుచుకోవాలి. పిండి డబ్బాకి పుస్తకం ఆనించే వీలు పోయింది, డబ్బా మీద ఆయన టీ గ్లాసు ఉంది.

మాట్లాడేందుకు ఆమె పడవవాడి నవల ఎంచింది. చిన్న పుస్తకం, నలుగురే మనుషులు, ఆయనకి గుర్తుంటుంది. ఒక నది మీద ముప్పై ఏళ్ళు మనుషుల్ని దాటించిన పడవవాడి కథ. ఆవలి ఒడ్డున బుట్టలల్లే ఒకామె రోజూ పడవ వచ్చే వేళకి చెయ్యెత్తి ఊపుతుంది. ఇద్దరూ మాట్లాడుకున్నది చాలా తక్కువ. నది మీద వంతెన కడతారు. వంతెన తెరిచిన రోజున అతను పడవని ఒడ్డుకి లాగి బోర్లించి, దాని మీద కూర్చుంటాడు. ఆవలి ఒడ్డున ఆమె ఎదురుచూస్తోందని అతనికి తెలుసు. వెళ్ళడు. అదే ఆఖరి పేజీ.

మామగారు అంతా శ్రద్ధగా విన్నాడు. రేవుకీ రేవుకీ మధ్య ఎంత దూరమని, వానాకాలంలో ఎన్ని ట్రిప్పులు వేసేవాడని అడిగాడు. ఆ అంకెలు నవల్లో లేవని చెప్తే, రాసినవాడికి తెలీదన్నమాట అన్నాడు. ముగింపు దగ్గర మాత్రం కుర్చీలోంచి లేచాడు.

"వెళ్ళడా? ఎందుకు వెళ్ళడు? వంతెన ఉందిగా, నడిచిపోవచ్చుగా!"

"పడవ లేకుండా వెళ్తే తనెవరో తనకే తెలీదు మామయ్యా. ముప్పై ఏళ్ళూ ఆమె చెయ్యి ఊపింది పడవకో తనకో కూడా తెలీదు. ఆ సంగతి తేలిపోతుందని భయం."

"తప్పు రాశాడు. బండి డిపోలో పెట్టాక కూడా మనిషన్నవాడు ఇంటికి పోవాలిగా?"

"కొందరు పోలేరు. మీరు ఎనిమిదేళ్ళుగా రోజూ వీధి చివర బస్టాపు బల్ల మీద ఎందుకు కూర్చుంటున్నారు మరి?"

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. ఆయన గ్లాసు అందుకుని, ఖాళీదని చూసి, మళ్ళీ పెట్టేశాడు. పొయ్యి మీద కూర మాడింది. కూర కలుపుతూ ఆమెకి తట్టింది, ఇన్నేళ్ళలో చదివిన పుస్తకం గురించి ఇంకో మనిషితో వాదించడం ఇదే మొదటిసారి. ఒక్క క్షణం బాగానే ఉంది.

"ఏదేమైనా ముగింపు మాత్రం మార్చకండి మామయ్యా. వెళ్ళడు. గుర్తు పెట్టుకోండి. అతను వెళ్ళడు."

"సర్లే, వెళ్ళడు," అన్నాడు ఆయన, బొత్తిగా ఇష్టం లేకుండా.

*

చివరి రోజు సభకి ఎనభై కుర్చీలు వేశారు. అవి నిండి, గుమ్మం దగ్గర ఇంకో ముప్పైమంది నిలబడ్డారు. కౌంటరమ్మకి కుర్చీ లేదు. సభ జరుగుతున్నా కౌంటరు తెరిచే ఉంచాలని లైబ్రేరియన్ ఆర్డరు, కొత్త సభ్యత్వాలు వస్తాయని. బహుమతి పుస్తకాల పెట్టెలు తెచ్చి కౌంటరు పక్క తలుపుకి అడ్డంగా పెట్టారు. అవి తీస్తేగానీ ఆమె బయటికి రాలేదు. స్టూలు మీద కూర్చుంటే వేదిక నేరుగా ఎదురుగా ఉంది.

మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు పక్కకి దువ్వుకుని, పెద్దాఫీసరు పక్కన దర్జాగా కూర్చున్నాడు. లైబ్రేరియన్ మోకాళ్ళ నొప్పుల సంగతి మైకులో చెప్పాడు. మామగారు వెంటనే ఒక కాలు చాపి మోకాలు నిమురుకున్నాడు. ఆమె చెప్పనే లేదు ఆయనకి ఆ సంగతి. మనిషి ఇంత నేర్పరి అని తెలిశాక ఆమెకి ధైర్యం రావాల్సింది. భయం ఎక్కువైంది.

ఆయన మైకు ముందుకొచ్చాడు. ముందు గుమ్మం వైపు చూశాడు.

"ఏం బాబూ, తలుపు దగ్గర గుమిగూడతారేం? లోపల చోటుంది, ముందుకి జరగండి. జరగాలి, జరగాలి."

జనం నవ్వారు. నవ్వుతూనే జరిగారు. ఆ గొంతు అలాంటిది, వింటే కాళ్ళు కదులుతాయి.

"పడవవాడి పుస్తకం గురించి చెప్తాను. చదివినవాళ్ళు ఎవరన్నా ఉంటే చెయ్యెత్తండి."

ఇది ఆమె నేర్పింది కాదు. నూటపదిమందిలో ఒక్క చెయ్యి లేవలేదు. మామగారి మొహం వికసించింది. పుస్తకం ఎవరికీ తెలీదు, ఇంక ఆయన ఏం చెప్తే అదే పుస్తకం.

చెప్పాడు. బాగా చెప్పాడు. నది, రేవు, బుట్టలల్లే ఆమె, ఎత్తిన చెయ్యి. వంటింట్లో తరుగుతూ ఆమె అన్న మాటలు అన్నట్టే మైకులోంచి వినబడుతున్నాయి, ఆమె ఆగిన చోట ఆయన ఆగుతున్నాడు, ఆమె నిట్టూర్చిన చోట నిట్టూరుస్తున్నాడు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. కౌంటరు వెనక కౌంటరమ్మ పెదాలు కదులుతున్నాయి. ముగింపు దాకా రాకుండానే "మిగతాది మీరే చదువుకోండి" అని ఆపేశాడు. అది కూడా ఆమె నేర్పిన మాటే. ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు మూడో వరసలో లెక్కల టీచరు లేచింది. యాభై దాటిన మనిషి, పుస్తకం ఎప్పుడూ గడువుకి ఒక రోజు ముందే తెచ్చి ఇస్తుంది.

"చెయ్యి ఎత్తాల్సింది, ఆలస్యమైంది. నేనూ చదివానండీ," అంది. "ఒక్క సందేహం. చివర్లో అతను వంతెన మీద నడుచుకుంటూ ఆవలి ఒడ్డుకి వెళ్ళిపోతాడు కదా, అంత పంతం పట్టినవాడు మనసెందుకు మార్చుకున్నాడంటారు?"

కౌంటరమ్మ స్టూలు మీంచి లేచింది. టీచరు మొహం చూసింది. పరీక్ష పేపర్లో కావాలని తప్పు లెక్క ఇచ్చి, ఎవరు పట్టుకుంటారా అని చూసే మొహం అది. 'వెళ్ళడు' అని ఆమె మనసులో అరిచింది. అంతకన్నా చెయ్యగలిగింది లేదు, మధ్యలో ఎనభై కుర్చీలూ పుస్తకాల పెట్టెలూ ఉన్నాయి.

మామగారి కళ్ళు మెరిశాయి. తన మాట గెలిచినవాడి కళ్ళు.

"వెళ్ళక ఏం చేస్తాడమ్మా? బండి డిపోలో పెట్టేశాక కూడా మనిషన్నవాడు ఇంటికి పోవాలిగా! ముప్పై ఏళ్ళు అందరినీ దాటించాడు. తనని దాటించేవాడు ఎవడూ లేడు, తనే దాటాలి. పడవ లేకపోతే నేనెవణ్ణి అని ఒడ్డున కూర్చుంటే కూర్చున్నట్టే ఉంటుంది జీవితం. నాకు తెలుసు. నేను కూర్చున్నాను. అందుకని అతను లేచాడు, నడిచాడు. నడిచితీరాలి."

హాలు దద్దరిల్లింది. పెద్దాఫీసరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నూటపదిమంది చప్పట్లు కొడుతున్న ఆ హాల్లో పడవవాడు ఎక్కడికీ వెళ్ళలేదని తెలిసినవాళ్ళు మామగారు కాక ఇద్దరే. వాళ్ళలో ఒకామె నెమ్మదిగా కూర్చుని, తల తిప్పి కౌంటరు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

తర్వాతంతా ఒకదాని మీద ఒకటి జరిగిపోయింది. పెద్దాఫీసరు మామగారికి జ్ఞాపిక ఇచ్చాడు. గౌరవ పాఠకుడి కార్డు ఇచ్చాడు: ఫొటోతో, ప్లాస్టిక్కు తొడుగుతో, ఒకేసారి అయిదు పుస్తకాలు తీసుకునే వీలుతో. పాత కార్డు ఈ రోజుతో రద్దు. కొత్త కార్డు మీద పుస్తకాలు కార్డుదారు స్వయంగా వచ్చి తీసుకోవాలి. చివరగా, ఈ శాఖలో పాఠకుల సంఘం పెడుతున్నామనీ, నెలకో పుస్తకం మీద ప్రసంగం ఉంటుందనీ, దానికి అధ్యక్షులుగా పెద్దవారు ఒప్పుకోవాలనీ అన్నాడు.

"రైట్!" అన్నాడు మామగారు, మాట పూర్తి కాకముందే.

*

మర్నాడు పదింటికల్లా ఆయన లైబ్రరీకి వచ్చాడు. ఎనిమిదేళ్ళలో ఆ గడప తొక్కడం సభతో కలిపి ఇది రెండోసారి. లైబ్రేరియన్ ఎదురెళ్ళి తీసుకొచ్చాడు. మామగారు పుస్తకాల రాకుల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరిగి, ఏది ఎంత మందమో చూసి, ఒక లావాటి పుస్తకం తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. తేనెటీగల పెంపకం. నాలుగువందల పన్నెండు పేజీలు.

"ఇదెందుకు మామయ్యా?" అంది గొంతు తగ్గించి.

"ఈ నెల ప్రసంగానికి. కథలొద్దు. కథల్లో ఎవడో ఒకడు కూర్చుండిపోతాడు. ఇందులో అన్నీ పనిచేసేవే."

"మరి మీరు చదువుతారా?"

"నాకు కళ్ళు లాగుతాయి. నువ్వు చదివి చెప్పు. నీకు వండుతూ చదవడం అలవాటేగా."

"మిగతా నాలుగు? అయిదు తీసుకోవచ్చు కదా. నాకు కావలసినవి..."

"ఒకటి అయ్యాక ఒకటి. ఫొటో నాది, తెలుసుగా," అని కార్డుని చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద రెండుసార్లు తట్టాడు.

ఆమె పుస్తకం మీద ముద్ర వేసింది.

ఆ సాయంత్రం తేనెటీగలు మొదలయ్యాయి. గుమ్మంలో కుర్చీ, డబ్బా మీద టీ గ్లాసు, ఆమె చేతిలో పుస్తకం. పైకి చదవడం వేరు, తనకోసం చదువుకోవడం వేరు. ప్రతి పేజీకీ ఆయనకి ఒక సందేహం. రాణి ఈగకి రిటైర్మెంటు ఉందా, కాపలా ఈగలకి షిఫ్టులెన్ని. ఒక పూటకి నాలుగైదు పేజీలు దాటడం లేదు.

నాలుగో రోజున లెక్కల టీచరు వచ్చింది. లైబ్రేరియన్ తన గదిలో ఫోను మాట్లాడుతున్నాడు. ఆవిడ పడవవాడి నవల కౌంటరు మీద పెట్టి, మధ్యలో ఒక పేజీ తెరిచింది. పేజీ మూలన నూనె వేలిముద్ర. ఇంకో పేజీ తిప్పింది. ఇంకో వేలిముద్ర.

"ఈ ఏడాది నేను తీసుకున్న పుస్తకాల్లో సగం ఇలాగే ఉన్నాయి. మీ మామగారు వంట కూడా చేస్తారా?"

కౌంటరమ్మ లైబ్రేరియన్ గది వైపు చూసింది.

"మా బడి బస్సు ఆయన కూర్చునే బస్టాపులోనే ఆగుతుంది. ఏడాదికి రెండువందల పద్నాలుగంటే వారానికి నాలుగు. పొద్దుట చూసినా, సాయంత్రం చూసినా ఆయన చేతిలో ఒక్క కాగితం ఉండదు. లెక్క కుదర్లేదు. అందుకని ఆ ప్రశ్న వేసి చూశాను." ఆవిడ పుస్తకం మూసింది. "అతను వెళ్ళడు కదూ?"

"వెళ్ళడండీ," అంది కౌంటరమ్మ. ఒప్పుకోవడానికి అంతకన్నా మాటలు అక్కర్లేకపోయాయి. "హెడ్డాఫీసుకి రాస్తారా?"

"రాస్తే నాకేం ఒరుగుతుంది? ఆయన్ని దింపి నన్ను ఎక్కిస్తారు. ఒకరు లేచిన కుర్చీలో సన్మానం. నాకొద్దు." టీచరు గొంతు ఇంకా తగ్గించింది. "నా కార్డు మీద మూడు పుస్తకాలు తీసుకోవచ్చు. నాకు రెండు చాలు. మూడోది మీరు ఎంచుకోండి, మీరు చదవండి. రాతకోతలన్నీ నా పేరు మీద. వచ్చే ఏడు ఆ కుర్చీ నాకు కావాలి. ఆయన ఎలాగూ నెలకి ఒకటి కన్నా ఎక్కువ చదవనివ్వరు మిమ్మల్ని."

"మీకూ చదివి చెప్పాలా?"

"అబ్బే, నేను చదువుకోగలను. మీరు ముగింపు మార్చకుండా ఉంటే చాలు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు టీచరుకి ముందు ఆగింది, ఆవిడ బేరానికి వచ్చింది మరి. కౌంటరమ్మ ఆలోచించింది. మళ్ళీ ఇంకొకరి కార్డు. తను చదివితే ఇంకొకరు వేదిక ఎక్కుతారు. దొరికితే కిటికీల్లేని గోడౌను అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఇదివరకు ఆమె గుట్టు ఒక్క తన సంచిలోనే ఉండేది. ఇప్పుడు ఒక చొక్కా జేబులోనూ, ఒక టీచరు నోట్లోనూ ఉంది.

లైబ్రేరియన్ ఫోను పెట్టేసి గదిలోంచి వచ్చాడు. "ఏం టీచరుగారూ, రెండే తీసుకెళ్తున్నారా? మూడోది కూడా తీసుకోండి! మన శాఖ లెక్క పెరగాలి."

"తీసుకుంటున్నానండీ," అంది టీచరు, కౌంటరమ్మ వైపే చూస్తూ. "ఏది బాగుంటుందో ఈవిణ్ణే అడుగుతున్నాను."

పుస్తకాల పెట్టెలు ఎప్పుడో తీసేశారు. ఆమె కౌంటరు తలుపు తోసుకుని, మూడో వరస రాకు దగ్గరికి వెళ్ళి, వెతక్కుండా చెయ్యి పెట్టి ఒక నవల తీసింది. పుస్తక వారానికి ముందు తనకోసం చూసి పెట్టుకున్నది. తెచ్చి టీచరు కార్డు మీద నంబరు కొట్టింది. గడువు చీటీ మీద ముద్ర వేసింది, ఎక్కడా వంకర పోకుండా. టీచరు తన రెండూ సంచిలో వేసుకుని మూడోదాన్ని కౌంటరు మీద 'మరిచిపోయి' వెళ్ళింది. మధ్యాహ్నం అది కౌంటరమ్మ సంచిలో టిఫిను డబ్బా కిందకి చేరింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కుర్చీ వంటింటి గుమ్మంలోనే ఉంది. మామగారు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చి, మళ్ళీ చాపుకున్నాడు. ఆమె సంచిని గోడ మేకుకి తగిలించింది. మేకు ఆయన తల వెనక ఉంది, ఆయన్ని లేపకుండా దాన్ని అందుకోవడం కుదరదు.

"ఎక్కడ ఆపాం?" అన్నాడు.

"పంతొమ్మిదో పేజీ అయింది మామయ్యా."

పొయ్యి వెలిగించి తేనెటీగల పుస్తకం తెరిచింది. సంచిలోదానికి గడువు పదిహేను రోజులు. చేతిలోదాంట్లో ఇంకా మూడువందల తొంభై మూడు పేజీలు ఉన్నాయి.